నన్ను గట్టు కాయమన్న వీర్రాజు గారు

మొన్న మా అమ్మాయి కాలు బెణికితే కొబ్బరినూనెలో కర్పూరం వేసి కాచాను. ఆ ఘాటు ముక్కుకి తగలగానే నరసాపురం గ్రౌండూ, ఉప్పుగాలీ, చేతిలో నూనెగిన్నెతో వీర్రాజు గారూ కళ్ళముందుకొచ్చేశారు. మ్యాచ్ అయ్యాక మా పిక్కలకి ఆ నూనె ఆయనే స్వయంగా రాసేవారు. గిన్నె మా చేతికిచ్చేవారు కాదు. "మీకిస్తే తలకి రాసుకుంటార్రా వెధవల్లారా" అనేవారు.

మాస్టారూ అని పిలిచేవాళ్ళమే గానీ ఆయన బడిలో చెప్పే మాస్టారు కాదు, వరి పండించే రైతు. కుర్రతనంలో ఆడిన ఫుట్‌బాల్ పిచ్చి వదలక సాయంత్రాలు మా ఊరి జట్టుని తయారుచేసేవారు. ఏ సంగతైనా ఆయనకి పొలంలోంచే అర్థమయ్యేది. డిఫెన్స్ అంటే గట్టు. "కాలవ ఎంత పోటెత్తినా గట్టు కదలకూడదురా. గట్టు పరిగెత్తడం ఎక్కడైనా చూశావా?" అనేవారు. నేను అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. మాది చేపలు పట్టే కుటుంబం. నాన్నతో వలలు లాగీ లాగీ భుజాలు బాగా పెరిగాయి, పైగా పొడగరిని. నన్ను చూసిన మొదటిరోజే గోల్ ముందు డిఫెన్స్‌లో నిలబెట్టేశారు. "నిన్ను చూస్తేనే సగంమంది ఆగిపోతార్రా నాగేశూ!" అని సంబరపడ్డారు.

ఎవరూ ఆగలేదు. అవతలివాడి కాలికి బంతి తగిలీ తగలకముందే నేను ముందుకి ఉరికేసేవాణ్ణి. నా వెనకాల అరెకరం ఖాళీ. మ్యాచ్‌కొచ్చిన పాలకొల్లు కుర్రాళ్ళు పెళ్ళిభోజనానికి వచ్చినట్టు అందులోంచి తీరిగ్గా వచ్చి మూడు గోల్స్ కొట్టి వెళ్ళారు. ఇక మా ఊరివాళ్ళ వెటకారం చెప్పాలా! "నాగేశ్వర్రావు గారూ, మీ వెనకాల ఖాళీ అద్దెకిస్తారాండీ?" అని ఒకాయన ఎంతో మర్యాదగా అడిగాడు. అందరూ విరగబడి నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పూట ఇంట్లో అన్నం సయించలేదు. ఆటంటే ప్రాణం నాకు. అది నాకు రాదేమోనన్న భయం మొదటిసారి పట్టుకుంది.

మర్నాడు నాన్న, నేను రేవు దగ్గర వల బాగుచేసుకుంటుంటే మాస్టారు వచ్చారు. తిడతారనుకున్నాను. నిజంగానే అర్థంకాక అడిగారు. "గండి పడితే ఏం చేస్తాంరా? అడ్డం పడుకునైనా ఆపుతాం. నువ్వేంటి, గట్టొదిలేసి పరిగెడతావు?"

నాకు ఉక్రోషం వచ్చింది. "గట్లు మీకున్నాయండి, మాకెక్కడివి? గండి పడితే మాకు పండగండి. నీళ్ళు ఎటు ఉరుకుతాయో చూసుకుని, చేపకంటే ముందు అక్కడికెళ్ళి వల విసరాలి. నిలబడితే ఏం పడతాయండి?"

నాన్న నవ్వాడు. మాస్టారు నవ్వలేదు. వల అంచు పట్టుకుని చూశారు. "చిన్నప్పట్నుంచీ అదేనా?" అన్నారు. "అదేనండి" అన్నాను. సైకిలెక్కి వెళ్ళిపోయారు.

ఆ ఆదివారం టీకొట్టు దగ్గర క్లబ్బు పెద్దలంతా చేరారు. నన్నూ పిలిపించారు. "కుర్రాడు మంచోడేనండి, ఆటే రాదు. తీసేద్దాం" అన్నారు ప్రెసిడెంటు గారు. తలలన్నీ ఊగాయి.

"ఆట వచ్చండి వాడికి" అన్నారు వీర్రాజు గారు. "బంతి ఎటెళ్తుందో మనందరికంటే ముందు వాడికే తెలుస్తోంది. పరిగెత్తేవాణ్ణి పట్టుకొచ్చి గట్టు కాయమన్నాను. అక్కడ నిలబెట్టింది నేనండి. తిట్టేదేదో నన్ను తిట్టండి."

"అయితే ఆ మూడు గోల్సూ తమరి ఖాతాలోకేనాండీ?" అన్నాడెవరో.

"నా ఖాతాలోకేనండి."

నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. అంతవరకూ నా కోసం పదిమందిలో మాటపడ్డ మనిషి లేడు.

తప్పు ఒప్పుకున్న పెద్దమనిషంటే మనవాళ్ళకి లోకువ. నన్ను ముందువరసలో ఆడించడానికి సరేనన్నారు గానీ, జట్టుని మాత్రం ఆయన చేతుల్లోంచి తీసేసి ఇంకొకరికి అప్పజెప్పారు. తర్వాతి మ్యాచ్‌లో నేను గోల్ కొట్టాను. అందరూ నామీద పడి ఎత్తేస్తుంటే ఆయన కోసం వెతికాను. గ్రౌండు చుట్టూ కట్టిన తాడు అవతల, జనంలో నిలబడి ఉన్నారు. నావైపు చూడటం లేదు. నా పాత చోట్లో కొత్తగా నిలబెట్టిన బక్కపల్చటి కుర్రాడికేసి చూస్తున్నారు. ఆ చోటు వాడికైనా నప్పిందా లేదా అని ఆయన దిగులు.

వీర్రాజు గారు ఇప్పుడు లేరు. నేను రొయ్యల ప్లాంటులో సూపర్‌వైజర్ని. ఎవరైనా పని పాడుచేస్తే ముందు వాళ్ళని ఏ పనిలో పెట్టామో చూస్తాను. పెట్టింది నేనైతే ఆ మాట ఓనరు గారి ముందు నేనే చెబుతాను. ఎన్నిసార్లు చెప్పినా అలవాటు కాలేదు, ప్రతిసారీ భయమేస్తుంది. ఆ రోజు టీకొట్టు దగ్గర ఆయనకీ అలాగే అయి ఉంటుంది. నాకు మాత్రం తెలియనివ్వలేదు.