ఆరో నంబరు గదిలో మిషన్లు పగలగొట్టిన కథ

ఒక పిల్లల సీరియల్ వల్ల ఒక పెద్దమనిషి ఉద్యోగం ఊడబోయిందంటే మీరు నమ్మరు. ఊడగొట్టబోయింది నేనే కాకపోతే నేనూ నమ్మేవాణ్ని కాదు. ఆ సీరియల్‌ది తప్పేమీ లేదు, తప్పంతా నా నోటిది. చివరికొచ్చేసరికి నా పరువు పూర్తిగా పోతుందని ముందే చెప్పేస్తున్నాను. నవ్వేవాళ్లు నన్ను చూసి నవ్వండి, జాలిపడేవాళ్లు మాత్రం గంగరాజం మామ మీద పడండి.

కరోనా వచ్చిన రెండో ఏడు. దుబాయ్‌లోని జెబెల్ అలీలో మా కంపెనీ క్యాంపు. మాది ఆరో నంబరు గది, ఆరుగురం ఉండేవాళ్లం. ఒకరోజు మాలో ఇద్దరికి కరోనా అని తేలింది. వాళ్లను వేరే చోటికి తీసుకెళ్లి, మిగిలిన నలుగురినీ పది రోజులు గది దాటొద్దన్నారు. అన్నం డబ్బాలు తలుపు దగ్గర పెట్టి, తలుపు కొట్టి, మేం తీసేలోపే పరుగెత్తేవాళ్లు.

ఆ నలుగురిలో పెద్ద గంగరాజం మామ. జగిత్యాల వైపు మనిషి, మా ఊరికి పక్క ఊరే. గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. పద్దెనిమిదేళ్లుగా ఆ బండిమీదే ఉన్నాడు, బండి దిగి నడిస్తే కొంచెం కొత్తగా ఉంటుంది ఆయనకు. రెండోవాడు సాయిలు, గోడలు కట్టే మేస్త్రీ. ప్రశ్న అడగకుండా మంచినీళ్లు కూడా తాగడు. మూడో మనిషి లచ్చన్న, మెస్సులో వంట చేస్తాడు. కింది మంచానికి దుప్పటి తెరలా కట్టుకుని దాని వెనక పడుకుంటాడు. మాట్లాడడు. ఉన్నాడో లేడో చూడాలంటే దుప్పటి కింద చెప్పులు చూడాలి.

నాలుగోవాణ్ని నేను, ఇంగ్లీష్ నర్సయ్య. ఈ బిరుదు ఎలా వచ్చిందో చెప్పాలి. నేను డిగ్రీ చదివాను. ఇంగ్లీషు పేపరు మూడుసార్లు రాశాను, మూడుసార్లూ అది నన్ను ఓడించింది. కానీ ఆ సంగతి జగిత్యాల దాటి రాలేదు. ఇక్కడ నేను గేటు పాసులు రాసేవాణ్ని. 'సరుకు మంచి స్థితిలో అందినది', 'దయచేసి ఆమోదించగలరు' లాంటి పది పదిహేను ఇంగ్లీషు వాక్యాలు తిప్పి తిప్పి రాసేవాణ్ని. ఆ పదిహేనుతోనే క్యాంపులో నాలుగేళ్లు దొరలా బతికాను. ఎవరికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవాళ్లు. నాకు అర్థం కాని కాగితం ఇంతవరకు ఒక్కటీ రాలేదు. అంటే, అర్థం కాలేదని నేను ఒప్పుకున్నది ఒక్కటీ లేదు.

మొదటి రోజే సాయిలుకు ఏమీ తోచక ఊపిరాడలేదు. టీవీకి కేబుల్ పనిచేయలేదు. క్యాంపంతా ఒకేసారి ఇళ్లకు వీడియో కాల్స్ చేస్తుండటంతో వైఫై కదలలేదు. టీవీ వెనక వెతికితే ఒక పెన్ డ్రైవ్ దొరికింది. మాకు ముందు ఆ గదిలో ఉండి వెళ్లిన ఫిలిప్పీన్ వాడెవడో మర్చిపోయినట్టున్నాడు. అందులో ఒకే ఒక్క పిల్లల సీరియల్ ఉంది. ఇంగ్లీషుది, రంగులు వెలిసిపోయిన పాతకాలంది. పది భాగాలు.

"రోజుకొక్కటే సూడాలె. పది దినాలు ఎల్లాలె గదా" అని మామ తీర్పు చెప్పాడు.

అన్నం తిన్నాక రెండు గంటలకు మొదటి భాగం పెట్టాం. ఒక చిన్న పట్నం. రొట్టెలవాడు రొట్టెలు కాలుస్తున్నాడు, పిల్లలు బస్సెక్కుతున్నారు, ఇద్దరు ముసలివాళ్లు రేడియో వింటున్నారు. ఉన్నట్టుండి ఎక్కడినుంచో ఈల లాంటి మోత వచ్చింది. అంతే, అందరి ముఖాలూ మారిపోయాయి. రేడియోలు కిటికీల్లోంచి బయటపడ్డాయి. రొట్టెలవాడు తన మిషన్ను తనే సమ్మెటతో కొట్టాడు. పదిమంది కలిసి బస్సును పక్కకు దొర్లించారు. నేను కూడా నోరు తెరుచుకుని చూస్తున్నాను.

"ఎందుకు పలగొడుతున్నరన్నా?" అన్నాడు సాయిలు.

మీతో నిజం చెబుతాను. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. వాళ్లది గేటు పాసు ఇంగ్లీషు కాదు. వేడి ఆలుగడ్డ నోట్లో పెట్టుకుని మాట్లాడుతున్నట్టుంది. తెలియదు అని ఒక్క మాట అంటే అక్కడితో పోయేది. కానీ నాలుగేళ్ల దొరతనం ఊరుకుంటుందా?

"మిషన్లు వాళ్ల హాజరీ తప్పు ఏస్తున్నయట" అన్నాను.

"అగో!" అని మామ మంచం మీద లేచి కూర్చున్నాడు. "మన గేటు కాడ మొఖం సూసే మిషన్ లెక్కనా?"

"అచ్చం గట్లనే మామా."

అంతే, కథ నా చేతిలోంచి జారి పరుగెత్తింది. మీసాలున్న లావుపాటాయన ఒకడు ఊరివాళ్లను చుట్టూ కూర్చోబెట్టి మాట్లాడుతుంటాడు. ఆయన్ను కఫీల్ చేశాను, అంటే ఇక్కడ మాకు వీసా ఇచ్చే యజమాని. అందరి పాస్‌పోర్టులూ ఆయన పెట్టెలో ఉన్నాయన్నాను. రెండు జడల పిల్ల ఒకతి చిన్న రేడియోను గడ్డిబండిలో దాచుకుని తిరుగుతుంటుంది. ఎందుకు దాచిందో నాకేం తెలుసు? కఫీల్ బిడ్డ అని, ఇక్కడి మాటలు రేడియోలో తండ్రికి చేరవేస్తుందని చెప్పాను. రెండో రోజునుంచి ఆ పిల్ల కనిపిస్తే చాలు, సాయిలు "అచ్చింది దొంగముండ!" అని చెప్పు తీసేవాడు. పాపం, పన్నెండేళ్లు కూడా ఉండవు.

రోజంతా మాకు అదే ధ్యాస. స్నానానికి వెళ్తూ ఒకడు, అన్నం కలుపుతూ ఒకడు అదే అడిగేవాళ్లు. ఆ మోత ఎక్కడిది? మోత వస్తేనే ఎందుకు పగలగొడుతున్నారు? నిజానికి అందరికంటే ఎక్కువ నాకే తెలుసుకోవాలని ఉండేది. కానీ ఎవరినని అడగను? ఇంగ్లీష్ నర్సయ్య ఉన్నది నేనొక్కణ్నేనాయె.

నాలుగో రోజు ఫోన్లో ఆఫీసు మెసేజ్ వచ్చింది. గోదాముకు కొత్త ఫోర్క్‌లిఫ్టులు వస్తున్నాయి. వాటికి కంప్యూటర్ తెర ఉంటుంది. పాత డ్రైవర్లు రెండు వారాలు ట్రైనింగ్ తీసుకోవాలి, వద్దనేవాళ్లకు ఖలాస్, అంటే ఉద్యోగం ఊడినట్టే. గది బయటికి వచ్చే రోజుకల్లా జవాబు చెప్పాలి. ఈ మెసేజ్ మాత్రం నిజంగానే అర్థమైంది, ఎందుకంటే కింద హిందీలోనూ ఉంది.

"ఏం రాయమంటవ్ మామా?" అన్నాను.

మామ టీవీ వైపు చూశాడు. "వీళ్లు గూడ మిషన్లు వద్దంటున్నరు గదా అల్లుడా. వద్దన్నోళ్లకు ఏమైతదో సూసి చెప్త."

అప్పుడైనా నాకు బుద్ధి రావలసింది. మామకు ఊళ్లో ఇంటి గోడలు లేచాయి, స్లాబు ఇంకా పడలేదు. ఆ ఇల్లు మొత్తం ఆ బండిమీదే నిలబడి ఉంది. అది తెలిసి కూడా నేను కథ మానలేదు. నా కథకు ఇంత విలువ వచ్చిందని లోపల ఉబ్బిపోయాను కూడా.

ఏడో భాగంలో ఊరంతా చెట్ల కింద పొడుగు బల్లలు వేసుకుని భోజనం చేస్తున్నారు. ముసలివాళ్లు పెద్దపీటమీద ఉన్నారు. "మిషన్లు పోయినయ్ గదా, అందరికి మల్ల పని దొరికింది. ముసలోళ్లనే ముందుగాల పిలుస్తున్నరు" అన్నాను. బల్లలు చూస్తే అలా అనాలనిపించింది మరి.

మామ లేచి నిలబడ్డాడు. "ఇగ ఆలోచన లేదు. నాకు వద్దని రాయి. ఇంగ్లీషుల రాయి."

ఇంగ్లీషులో రాయమని అడిగితే నేను కాదనగలనా? 'పై విషయమునకు సంబంధించి' అని మొదలుపెట్టి, 'గంగరాజంకు మిషన్ అవసరం లేదు' అని ముగించి, కింద కృతజ్ఞతలు కూడా చెప్పి పంపాను. అయిదు నిమిషాల్లో మా ముదీర్, అంటే మేనేజరు, దగ్గరనుంచి ఒకే ఒక్క మాట వచ్చింది. 'నోటెడ్.'

ఆ మాట నాకు బాగా తెలుసు. ముదీర్ ఆ మాట అన్నాక తిరిగి వచ్చిన మనిషిని నేను చూడలేదు. మామ మాత్రం హాయిగా గురక పెడుతున్నాడు. ఇంకా మూడు రోజులుంది. ఆలోపు మామ మనసు తిరిగితే జవాబు మార్చొచ్చు. మనసు తిరగాలంటే కథ తిరగాలి.

ఎనిమిదో భాగంలో ఆడవాళ్లు పంట కోస్తూ పాట పాడుతున్నారు. "ఆకలికి ఏడుస్తున్నరు మామా" అన్నాను.

"ఏడ్సుడేందన్నా, పాడుతున్నరు గదా?" అన్నాడు సాయిలు.

"వాళ్ల దేశంల ఆకలైతే గట్లనే పాడుతరు."

"మరి నవ్వుతున్నరు?"

"సిగ్గుకు నవ్వుతున్నరు. ఆకలైతుందని చెప్పుకోవాలంటే సిగ్గు గాదా?"

తొమ్మిదో భాగంలో పెళ్లి జరిగింది. పూలు, బూరలు, గుర్రబ్బండి. నేను దాన్ని అంత్యక్రియలు అన్నాను. సాయిలు నా నుదుటి మీద చెయ్యిపెట్టి చూశాడు. మామ నావైపు చూసిన చూపు మాత్రం బాలేదు.

పదో రోజు. పదో భాగం. నేను గొంతు సవరించుకున్నాను. అప్పుడు కింది మంచానికున్న దుప్పటి పక్కకు జరిగింది.

"తమ్మీ, జర నువ్వు ఊకో. దీన్ని నేను చెప్త" అన్నాడు లచ్చన్న.

లచ్చన్న మంచం అంచున కూర్చుని, తెరమీద మాట పడటం ఆలస్యం, తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు. మెస్సుకు రాకముందు ఆయన పదకొండేళ్లు ఒక ఇంగ్లీషు వాళ్లింట్లో వంట చేశాడట. వాళ్ల పిల్లలకు అన్నం తినిపించింది ఈ వేడి ఆలుగడ్డ ఇంగ్లీషుతోనేనట.

"గా మీసాలాయిన కఫీల్ గాదు. డాక్టరు. ఊరోళ్లకు పట్టిన రోగం కుదుర్చుదామని సూస్తున్నడు. గా పిల్ల దొంగ గాదు. రేడియో పెట్టుకొని మోత యాడికెల్లి అస్తుందో దేవులాడుతుంది."

సాయిలు చేతిలోని చెప్పును మెల్లగా కింద పెట్టాడు. "మరి ఎందుకు పలగొట్టిన్రన్నా?"

"కోపంతోని గాదు. భయంతోని. గా మోత ఇంటె మిషన్లంటె భయం అయితది. భయమయితుందని చెప్పుకోలేక పలగొట్టిన్రు."

తెరమీద ఆ పిల్ల కొండెక్కి ఆ మోతను ఆపేసింది. జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. పదిమందీ చేరి, మొదటి రోజు తాము దొర్లించిన బస్సును లేపి నిలబెట్టారు. రొట్టెలవాడు విరిగిన మిషన్ ముందు కూర్చుని ఏడ్చాడు. ఈసారి అది నిజం ఏడుపే.

టీవీ ఆగింది. మామ గోడకేసి చూస్తూ నెమ్మదిగా అన్నాడు. "నాకు గూడ భయమే. బండికి గాదు. గా తెరకు. దాని మీద అక్షరాలుంటయట. నాకు సదువు రాదని అందరికి ఎర్కయితది గదా."

పద్దెనిమిదేళ్లు పక్కన పడుకున్న మనుషులకు కూడా చెప్పని మాట అది. నాకు ఏడుపొచ్చింది. ఆయన చదువు రాదనే సంగతి దాచుకున్నాడు. నేనూ అదే దాచుకున్నాను, కాకపోతే దానికి బిరుదు తగిలించుకున్నాను.

"లచ్చన్నా, మొదటి రోజే ఎందుకు చెప్పకపోతివే?" అన్నాను.

"పది దినాలు మూసిన గదాయె. నువ్వు చెప్తుంటె దుప్పటి ఎనుక నవ్వలేక సచ్చిన. అసలు కథ గింత మంచిగ లేదు తమ్మీ. నువ్వు మెసేజ్ పెట్టినప్పుడు నేను నిద్రల ఉంటి, గా సంగతి పొద్దుగాల మామ చెప్తేనే ఎర్కయింది."

"ముదీర్‌కు ఫోన్ కొట్టు" అన్నాడు మామ. "నేర్చుకుంట అని చెప్పు."

కొట్టి, ఆ మెసేజ్ తప్పయిందని హిందీలో మొదలుపెట్టాను. "సర్, వో గంగరాజం వాలా మెసేజ్ గలత్ హో గయా."

"గలత్ కైసే?"

"సర్, టీవీ మే ఏక్ సీరియల్ థా..."

"కౌన్సా సీరియల్?"

"బచ్చోం కా, సర్."

"నర్సయ్యా, బుఖార్ హై క్యా?"

జ్వరం లేదని చెప్పి, మొత్తం కథ ఒప్పుకున్నాను. ముదీర్ ఎంత నవ్వాడంటే ఫోన్ చెవికి దూరంగా పట్టుకోవలసి వచ్చింది. చివరికి మామ పేరు ట్రైనింగ్‌లో రాసుకుంటానన్నాడు, ఒక షరతు మీద. ట్రైనింగ్ ఇచ్చేది ఇంగ్లీషాయన. పక్కన కూర్చుని మామకు చెప్పడానికి ఎవరైనా కావాలి. 'పై విషయమునకు సంబంధించి' అని అంత బాగా రాసిన మనిషి కంపెనీలో ఇంకెవరున్నారన్నాడు. నా బదులు వెళ్లమని లచ్చన్న కాళ్లు పట్టుకున్నాను. "నాకు వంటున్నది" అని ఆయన మళ్లీ దుప్పటి కట్టేసుకున్నాడు.

ఆ తర్వాతి ఆదివారం గోదాములో కొత్త బండి ముందు నిలబడ్డాం. ఇంగ్లీషాయన మాట్లాడటం మొదలుపెట్టాడు. అదే వేడి ఆలుగడ్డ.

"ఏమంటుండు అల్లుడా?" అన్నాడు మామ.

నోరు పాత అలవాటుతో తెరుచుకుంది. కఫీల్, హాజరీ, పాస్‌పోర్టులు అన్నీ నాలుక చివర వరస కట్టాయి. వాటన్నిటినీ మింగి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అన్నాను. "నాకు తెల్వది మామా."

మామ నవ్వాడు. "నాకు తెలిసింది. సరుకు ఎత్తేటప్పుడు ఎనుకకు సూస్కోమంటుండు. సేతులు తిప్పుతుండు గదా, గదే." అని సీటెక్కి, తెరమీది బొమ్మలు రెండుసార్లు చూసి, బండిని పెళ్లికూతుర్ని నడిపించినట్టు నడిపించాడు. ఇంగ్లీషాయన చప్పట్లు కొట్టాడు. దానికి తర్జుమా అక్కర్లేకపోయింది.

మామ బండి దిగాక, ఎవరూ చూడకుండా నేను దాని దగ్గరికి వెళ్లాను. నిండు మనసుతో దానిమీద కుడిచెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఇకమీదట అర్థం కాని ఇంగ్లీషుకు అర్థం చెప్పను, డాక్టర్లను కఫీళ్లను చేయను, పెళ్లిళ్లను అంత్యక్రియలు చేయను, నా ప్రాణం పోయినా సరే అని. మాట పూర్తయిందో లేదో, బండి కుయ్యోమని మోత పెట్టి, ఇంగ్లీషులో గట్టిగా ఏదో అరిచింది.

"అల్లుడా, ఏమంటుందది?" అని మామ దూరంనుంచి అరిచాడు.

"సెయ్యి తియ్యమంటుంది మామా!"

నా జీవితంలో నేను సరిగ్గా చెప్పిన ఇంగ్లీషు అదొక్కటే.