డాక్యుమెంటేషన్‌లో ఇంటర్వెల్

ఒట్టు, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. ఫిల్మ్‌నగర్‌లో మేము తయారుచేస్తున్న ప్రోగ్రామింగ్ భాషకు పెట్టుబడి ఒక సినిమా నిర్మాతది. ఆ భాషను ఎలా వాడాలో వివరించే డాక్యుమెంటేషన్ నచ్చకపోతే ప్రాజెక్టు మూసేస్తానన్నారు. కోడ్‌లో రాసుకున్న వివరణలన్నిటినీ ఒక్క కమాండ్‌తో వెబ్ పేజీలుగా మార్చి, ల్యాప్‌టాప్ ఆయన ముందు పెట్టాను.

ఆయన దాన్ని పక్కకు జరిపి, కుర్చీలో వెనక్కి వాలారు. "మేం చదవమండీ, వింటాం. చెప్పండి."

ప్రోగ్రామ్‌లో ఒక్కో పని చేసే ఫంక్షన్లలో ఏది దేన్ని పిలుస్తుందో, సినిమా కథలా గొంతు మార్చి మార్చి చెప్పాను.

"బాగానే ఉంది. ఇంటర్వెల్ ఎక్కడ?"

"ఎర్రర్ వచ్చినచోటండీ! ప్రోగ్రామ్ ఆగిపోతుంది."

"అయ్యో! మరి సెకండాఫ్‌లో కాపాడేదెవరు?"

"ఈ పేజీయేనండీ. కారణం, పరిష్కారం రెండూ ఇందులోనే ఉన్నాయి."

ఆయన కళ్లు తుడుచుకుని, "కానివ్వండి" అన్నారు. ప్రాజెక్టు బతికింది.

ఆ కళ్లు తుడుచుకోవడం ఒక్కటే నా కల్పన. నిజానికి నేను పరిష్కారం దగ్గరికొచ్చేసరికి ఆయన గురక పెడుతున్నారు. లేచాక, అంతా విన్నట్టే "కానివ్వండి" అన్నారు.