తువ్వాలు కింద చెప్పిన నొప్పి

మా ఆయన పశువుల బేరగాడు. గుడియాత్తం చుట్టుపక్కల సంతల్లో తన చెయ్యి పడకుండా ఎద్దు చేతులు మారదని చెప్పుకుంటాడు. అలాంటి మనిషి ఆ రోజు ఆవు పొదుగు చూడ్డానికి వంగి మళ్ళీ లేవలేకపోయాడు. ఆవు పక్కకు జరిగిపోయింది, ఈయన మాత్రం అట్లాగే వంగి ఉన్నాడు. పొదుగులో ఏదో లోపం వెతుకుతున్నాడనుకుని, కొనడానికి వచ్చినవాళ్ళు బేరం వదిలేసి పోయారట.

నడుం పట్టిందని కొన్నాళ్ళు నూనె రాశాను. గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోవడం మొదలయ్యాక వేలూరు ఆసుపత్రికి లాక్కుపోయాను. స్కాన్, బయాప్సీ అయ్యాయి. ప్రోస్టేట్ క్యాన్సర్, ఎముకలకు పాకిందన్నారు. నేను ఏడుస్తుంటే, "ఏమే, రోగం నాకు గదా, నువ్వెందుకు ఏడస్తావు?" అన్నాడు.

అడ్మిట్ చేసి ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. నర్సమ్మ రోజూ వచ్చి, "సున్నా అంటే నొప్పి లేదు, పది అంటే ఓర్చుకోలేనంత. ఎంత ఉండాది?" అని అడిగేది. ఈయన పళ్ళు బిగబట్టి "రెండు" అనేవాడు. రెండుకు తగ్గ మాత్రే ఇచ్చేవాళ్ళు. ముద్ద దిగేది కాదు, నడుం వాల్చేవాడు కాదు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఇట్లా నొప్పితోనే పోతాడేమోనని భయం కూడా వేసేది.

చివరకు పాలియేటివ్ కేర్ డాక్టరమ్మ వచ్చింది. ఆ పేరు వినగానే, ఇక చేసేదేమీ లేదనా అని అడిగాను. "అట్ల కాదమ్మా, ట్రీట్‌మెంట్ నడుస్తానే ఉంటాది. నొప్పి తగ్గించేది మా పని" అంది. ఆమె అడిగినా రెండే.

"ఏమయ్యా, ఎవురి కాడ దాస్తా ఉండావు?" అని అరిచాను.

"పక్క మంచాలోళ్ళు వింటా ఉండారు. నలుగురిలో అసలు రేటు ఎవురన్నా నోటితో చెప్తారా?" అని నా మీదే కసిరాడు.

అప్పుడు వెలిగింది నాకు. మా సంతల్లో తువ్వాలు కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. పైకి అనే అంకె వినేవాళ్ళ కోసం. సంగతి చెప్పి, ఆయన భుజం మీది తువ్వాలు తీసి డాక్టరమ్మ చేతి మీద కప్పాను. ఈయన కిటికీ వైపు చూస్తూ, ఏమీ ఎరగనట్టు ఆమె ఐదు వేళ్ళూ పట్టుకున్నాడు. వదిలి, మళ్ళీ నాలుగు పట్టుకున్నాడు.

"తొమ్మిదా!" అంది ఆమె.

"మెల్లిగామ్మా!" అన్నాడు ఈయన అదిరిపడి.

మార్ఫిన్ మొదలుపెట్టారు. అలవాటైపోతుందేమోనని నేను జంకితే, "మేం చెప్పినట్టు ఇస్తే భయం లేదు" అంది డాక్టరమ్మ. ఆ మందుతో మలబద్ధకం వస్తుందని సిరప్ కూడా ఇచ్చారు. ఇంటికొచ్చాక ఈయన ఆ సిరప్ మానేశాడు. కడుపు బిగుసుకుపోయి మళ్ళీ వేలూరు పరుగెత్తాం. "బయటికి పోయి ఎన్నాళ్ళయింది?" అని డాక్టరమ్మ అడిగితే, దానికీ తువ్వాలు కావాలన్నాడు.

ఇప్పుడు గుడియాత్తంలోనే ఉన్నాం. రోగం పోలేదు, పోదని ఇద్దరికీ తెలుసు. కానీ పడుకుని నిద్రపోతున్నాడు, అదే నాకు పండగ. పొద్దున్నే తువ్వాలు కప్పి అడుగుతాను. ఎక్కువగా రెండే చెబుతాడు. ఇది నిజం రెండు. మీ మనిషి కూడా నలుగురిలో నొప్పి చెప్పకపోతే, ఎట్లా అయితే చెప్పగలడో అట్లా చెప్పించి డాక్టరుకు చేర్చండి.

మొన్న అడగడం అయ్యాక ఆయన నా చెయ్యి వదల్లేదు. "మరి నీదెంత?" అన్నాడు.

"నాకేం నొప్పి, పో" అన్నాను పైకి. తువ్వాలు కింద ఆయన ఐదు వేళ్ళూ పట్టుకున్నాను. వదిలి, మళ్ళీ ఐదూ పట్టుకున్నాను.

ఆయన బేరమాడలేదు.