పీటీ మేడం

ఉయ్యూరులో చెరకు ట్రాక్టర్లు ఫ్యాక్టరీకి పోయే రోడ్డు మీద ఒక ప్రైవేటు హైస్కూలుంది. అక్కడి పిల్లలు కృపని పీటీ మేడం అంటారు. వాళ్ళ లెక్కలో పీటీ అంటే ఆటలు, విజిలు, ప్రేయరుకి ముందు చేతులు చాపించి చేయించే డ్రిల్లు. ఆఫీసు గదిలో వాళ్ళూ ఆమెని పీటీ మేడం అనే అంటారు. వాళ్ళ లెక్కలో పీటీ అంటే పార్ట్ టైం. అవే రెండక్షరాలకి గ్రౌండులో ఒక అర్థం, గడప దాటి లోపలికొస్తే ఇంకో అర్థం. అదే డ్రిల్లు అదే విజిలుతో చేయించే సూర్యప్రకాష్ గారిని మాత్రం ఎవరూ అలా పిలవలేదు. ఆయన గేమ్స్ సారు. ఆయనది రోజంతా ఉద్యోగం, నిండు జీతం.

పార్ట్ టైం అన్నదాన్ని మా వైపు ఒంటిపూట అంటారు. ఎండాకాలంలో ఒంటిపూట బడి పెడితే పిల్లలకి పండగ. ఒంటిపూట భోజనం చేస్తే దేవుడికి ప్రీతి అంటారు. మరి ఒంటిపూట ఉద్యోగమో? అది ఆడదానికి చేసిన ఉపకారమట. కృప ఆ స్కూల్లో చేరిన రోజున కరెస్పాండెంట్ గంగరాజు గారు సరిగ్గా ఆ మాటే అన్నాడు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, అత్తగారున్నారు, పూట ఉద్యోగమైతే నీకే సుఖమమ్మా అని. సగం జీతం ఇచ్చేవాడు సుఖం గురించి మాట్లాడితే ఏ అనుమానమూ రాని వయసు అప్పుడు ఆమెది. దణ్ణం పెట్టి మరీ వచ్చింది.

ఆ సుఖం ఎలా ఉండేదో చెబుతాను. పొద్దున్నే వంట చేసి, పిల్లలిద్దరికీ క్యారేజీలు కట్టి, అందరికంటే ముందు స్కూలు గేటు దగ్గర ఉండాలి, ఎందుకంటే డ్రిల్లు ప్రేయరుకి ముందు. మధ్యాహ్నం పన్నెండింటికి ఆమె పూట అయిపోయినట్టు. ఇంటికొచ్చి అత్తగారు సంపూర్ణమ్మకి ఇన్సులిన్ సూది వేసి, అన్నం పెట్టి, బట్టలుతికి, రేషను షాపుకీ గ్యాసు బండకీ తిరిగి, పిల్లలు ఇంటికి రాగానే చేతిలో ఏదో ఒకటి పెట్టి మళ్ళీ స్కూలుకి పరుగు. ఆడపిల్లల ఖోఖో జట్టు ప్రాక్టీసు సాయంత్రమే మరి. ఆ సాయంత్రానికి జీతం లేదు. అది ఆమెకి ఆట మీద ఉన్న ఇష్టం అని స్కూలు వాళ్ళే పేరు పెట్టారు. ఆమె ఇంటి దగ్గర కాళ్ళకి చక్రాలు కట్టుకుని తిరుగుతున్న ఆ మధ్యాహ్నం వేళ సూర్యప్రకాష్ గారు స్టాఫ్ రూములో ఫ్యాను కింద పేపరు చదువుతూ ఉండేవారు. ఆయన చెడ్డవాడు కాదు, ఆ మాట చెప్పకపోతే పాపం. ఆయన్ని కూర్చోబెట్టి జీతమిచ్చేవాళ్ళకి ఈమె పరుగు ఎందుకు కనపడలేదన్నదే నా కోపం.

కృపది మొవ్వ దగ్గర పల్లె. ఊడ్పుల రోజుల్లో వాళ్ళమ్మ ఒంటిపూట కూలికి పోయేది. నడుం వంచి నాటు వేసేది ఆడవాళ్ళు, గట్టు మీద నారు కట్టలు అందించేది మగవాళ్ళు. మగ కూలి ఎక్కువ, ఆడ కూలి తక్కువ, పైగా మిగిలిన పూట గడ్డి కోసుకోవాలి, పుల్లలేరుకోవాలి. నా కూతురికి ఈ బురద వద్దని ఆ తల్లి పట్టుబట్టి చదివించింది. కృప యూనివర్సిటీ జట్టులో ఖోఖో ఆడింది, ఆటల టీచరుకి కావలసిన బీపీఎడ్ పాసైంది. బురదలోంచి బయటపడి బ్యాడ్జీ తగిలించుకుని వచ్చి చూసుకుంటే, ఇక్కడా అదే ఒంటిపూట.

భర్త ఫిన్నీకి ఊళ్ళో కంప్యూటర్లు, సీసీ కెమెరాలు బాగుచేసే షాపుంది. నెమ్మదైన మనిషి. తాగడు, చెయ్యెత్తడు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక కోడికూర తనే వండుతాడు, ఆ సంగతి వీధి వీధంతటికీ తెలుసు. మిగతా ఆరు రోజులు ఎవరు వండుతున్నారని ఆ వీధిలో ఎవరికీ సందేహం రాలేదు. స్కూల్లో కెమెరాలు పనిచెయ్యకపోతే ఫిన్నీయే వెళ్ళి చూస్తాడు. అలా వెళ్ళినప్పుడల్లా గంగరాజు గారు కూర్చోబెట్టి టీ ఇప్పిస్తాడు. ఇద్దరూ లోకాభిరామాయణం మాట్లాడుకుంటారు. కృప దాన్ని ఏనాడూ పట్టించుకోలేదు.

గడిచిన ఏప్రిల్లో సూర్యప్రకాష్ గారు రిటైరయ్యారు. శాలువా కప్పించుకుని కిందికి దిగుతూ, ఇక నా పని నీదేనమ్మా అని అందరూ వినేలా అన్నారు. ఆ వేసవంతా కృప ఆ మాట నెమరేసుకుంది. గేమ్స్ మేడం అయితే ప్రాక్టీసు పగటి పూటే పెట్టుకోవచ్చు. పిల్లల్ని జోనల్ పోటీలకి తనే తీసుకెళ్ళొచ్చు. ఇన్నాళ్ళూ తర్ఫీదిచ్చేది తనైతే, పోటీల నాడు జట్టుతో నిలబడి ఫోటో దిగేది సూర్యప్రకాష్ గారు. పార్ట్ టైం వాళ్ళని బయటికి పంపకూడదని రూలట. ఆమె వియ్యపురాలి పెత్తనం అడగలేదు, వజ్రాల హారం అడగలేదు. చేస్తున్న పనికి పేరు, ఆ పేరుకి తగ్గ జీతం, అంతే. మధ్యాహ్నం అత్తగారికి సూది వెయ్యడానికి పక్కింటి నర్సమ్మని మాట్లాడి పెట్టుకుంది కూడా.

జూన్లో బడి తెరిచారు. ప్రేయరు అయ్యాక గంగరాజు గారు ఒక కుర్రాణ్ణి ముందుకి పిలిచి, వీరు సాత్విక్ గారు, మన కొత్త గేమ్స్ సారు, చప్పట్లు కొట్టండి అన్నాడు. పిల్లలు కొట్టారు. కృప కూడా కొట్టింది, చేతులు వాటంతటవే కొట్టాయి. ఆ కుర్రాడు నిన్న గాక మొన్న చదువు ముగించి వచ్చినవాడు. తప్పు అతనిదేం లేదు. కిందికి దిగి వినయంగా, మీరు పక్కనుంటే చాలు మేడం, నేను నేర్చుకుంటాను అన్నాడు. పుండు మీద కారం చల్లడానికి చెడ్డవాళ్ళే కానక్కర్లేదు.

మామూలుగా అయితే ఆమె ఇంటికెళ్ళి గిన్నెల మీద ఆ కోపం తీర్చుకునేది. ఆ రోజు మాత్రం పన్నెండు కొట్టగానే తిన్నగా ఆఫీసు గదిలోకి వెళ్ళింది. గంగరాజు గారు నిజంగానే ఆశ్చర్యపోయాడు. కూర్చోమన్నాడు. నీకు రోజంతా కుదరదు కదమ్మా అన్నాడు.

"నాకు కుదరదని ఎవరు చెప్పారండీ?"

"ఫిన్నీ చెప్పాడు. ప్రతి ఏడూ అడుగుతూనే ఉన్నానమ్మా. ఆడపిల్లల సెక్షను పెట్టినప్పుడు ఫుల్ టైం ఇస్తానని కబురు కూడా చేశాను. పాపం ఇంటి పనితో తనకి అవదు సార్, హాఫ్ డేనే సౌకర్యం అన్నాడు. నీ ఇష్టమే కదా అని ఊరుకున్నాను."

ప్రతి ఏడూ. ఆ మాట దగ్గరే కృప ఆగిపోయింది. ఇన్నేళ్ళూ ఆమె అనుకున్నదేమిటంటే, పని ఇంకాస్త బాగా చేస్తే, జట్టు ఇంకో మెట్టెక్కితే, ఎవరో ఒకరు గుర్తిస్తారని. వాళ్ళెప్పుడో గుర్తించారు. ఇవ్వజూపారు కూడా. టీ తాగుతూ ఇద్దరు మగవాళ్ళు ఆమె రోజుని మధ్యకి విరిచి, ఆ ముక్క చాల్లే అనుకున్నారు. ఆమె గ్రౌండులోనే ఉంది. కిటికీలోంచి కేకేస్తే వినపడేంత దూరంలో ఉంది. ఆ కేక వెయ్యడానికి ఇద్దరిలో ఒక్కరికీ నోరు రాలేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. ఇక్కడ దానమైపోయింది పెళ్ళాం ఏళ్ళు.

ఫిన్నీ భోజనానికి వచ్చాడు. కృప కంచం పెట్టింది కాని అన్నం పెట్టలేదు. ఎదురుగా కూర్చుని, గంగరాజు గారు అన్నది అన్నట్టుగా చెప్పింది. అతను అబద్ధమాడలేదు. నీకు కష్టమవుతుందని చెప్పాను, ఇందులో నాకేం లాభం అన్నాడు. అమ్మ సూది, పిల్లల చదువు, ఇవన్నీ ఎవరు చూస్తారు అన్నాడు. మనకేం తక్కువైంది అన్నాడు. అన్నీ విన్నాక ఆమె అడిగింది ఒకటే.

"మరి నన్నెందుకు అడగలేదండీ?"

ఫిన్నీ ఖాళీ కంచం పక్కకి జరిపాడు. "అడిగితే నువ్వు చేస్తానంటావు. అందుకే అడగలేదు."

అతను దాన్ని ప్రేమ అనుకునే చెప్పాడు. అదే దారుణం. పక్కగదిలోంచి సంపూర్ణమ్మ, మొగుడు మంచికే చేశాడే పిల్లా, ఎందుకు రచ్చ అంది. మంచికే. ఎవరి మంచికని ఆ ఇంట్లో ఎవరూ అడగరు. కృప లేచి సాయంత్రం ప్రాక్టీసుకి వేసుకునే బూట్లు తీసి మంచం కిందికి తోసేసింది.

ఆ ఆదివారం ఆడపడుచు డయానా ఇంగ్లండు నుంచి ఫోను చేసింది. అక్కడ ఆమె నర్సు, మొగుడు అంతోని కూడా అదే ఆసుపత్రిలో నర్సే. జరిగిందంతా డయానా వింది. తర్వాత చెప్పింది, రెండో బాబు పుట్టాక తనూ సగం డ్యూటీకి దిగిందట. తన వార్డులో సగం డ్యూటీ చేసేవాళ్ళంతా పిల్లల తల్లులేనట, తండ్రి ఒక్కడూ లేడట. నీ ఇష్టమేనా అని అడిగారు వదినా, అవునన్నాను, ఇంకేమంటాం అంది. అంతోనిని అలా ఎవరైనా అడిగారా అని కృప అడిగితే నవ్వేసింది. ఆ నవ్వు కృపకి నచ్చలేదు. నాకూ నచ్చలేదు. దేశం మారితే చలి మారుతుంది, భాష మారుతుంది. బిడ్డ పుట్టగానే సగానికి విరిచేది మాత్రం ఎక్కడైనా తల్లి రోజునే, పైగా విరిచింది నువ్వేనని ఆమె చేతే అనిపిస్తారు.

సోమవారం నుంచి ప్రాక్టీసులు మొదలు, కృప సాయంత్రాలు మానేసింది. పన్నెండింటి దాకా ఆమె పూట, ఆ పూటలో వీసమెత్తు తగ్గించలేదు. పన్నెండు దాటాక ఇంటి దగ్గరే. సాత్విక్ పాపం విజిలు పట్టుకుని నిలబడ్డాడు. అతను క్రికెట్ ఆడినవాడు, ఖోఖో చూసినవాడు మాత్రమే. రెండు మూడు రోజులకి ఆడపిల్లలు ఇంటి ముందు గుంపుగా వచ్చి నిలబడ్డారు, జోనల్ పోటీలు దగ్గరికొస్తున్నాయి మేడం అంటూ. అప్పుడు ఆమె గుండె తరుక్కుపోయింది. వాళ్ళకి మజ్జిగిచ్చింది, పోల్ దగ్గర ఎలా తిరగాలో వాకిట్లోనే ఒకసారి చూపించింది, తర్వాత ఇంటికి పంపేసింది. రాత్రి అన్నం సహించలేదు. ఇలాంటి ఆడవాళ్ళ గుండె తరుక్కుపోతుందన్న భరోసా మీదే సగం స్కూళ్ళు, సగం ఆసుపత్రులు నడుస్తున్నాయి. ఆ భరోసా ఒక్క వారం తప్పితే కాని యజమానులకి ఫోను గుర్తు రాదు.

గుర్తొచ్చింది. శనివారం సాయంత్రం గంగరాజు గారు ఫోను చేశాడు. కృపకి కాదు, ఫిన్నీకి. ఫోను స్పీకరులో పెట్టి ఉంది, కృప వరండాలో బట్టలు మడతపెడుతోంది. ఆడపిల్లల ప్రాక్టీసు ఆగిపోయింది, పేరెంట్స్ అడుగుతున్నారు, కొంచెం నచ్చజెప్పి పంపవయ్యా అంటున్నాడాయన. ఫిన్నీ అలవాటు కొద్దీ, సోమవారం నుంచి పంపిస్తానండీ అన్నాడు. వారం రోజులుగా ఆమె కోపం చూస్తూ కూడా ఆ మాట అంత తేలిగ్గా వచ్చేసింది అతని నోటికి. ట్రాక్టరు అద్దెకి పంపినట్టు.

కృప వచ్చి అతని చేతిలోంచి ఫోను తీసుకుంది.

"కృపనండీ. నాకూ ఫోనుంది, నంబరు మీ ఆఫీసులో ఉంది. సాయంత్రం నా పని కావాలంటే రోజంతా ఉద్యోగం ఇవ్వండి. ఆడపిల్లల జట్టుకి గేమ్స్ మేడంగా, సాత్విక్ గారికిచ్చినంత జీతంతో. లేదంటే పన్నెండింటితో సరి."

అవతల కుర్చీ కిర్రుమంది. గంగరాజు గారు గొంతు సవరించుకున్నాడు. ఇవన్నీ ఫోనులో తేలేవి కాదమ్మా అన్నాడు. నువ్వు ఆవేశంలో ఉన్నావు, ఒకసారి ఫిన్నీకివ్వు ఫోను అన్నాడు.

ఫిన్నీ అప్పటికే చెయ్యి చాపాడు. కృప ఆ చేతి వంక చూసింది. ఫోను చెవి దగ్గరే ఉంచుకుంది.

"ఆయనతో పనేముందండీ? ఉద్యోగం నాది."

రోడ్డు మీద బండ్లు పోతున్న చప్పుడు ఇటూ అటూ ఒకటే. ఆమె తొందరపెట్టలేదు. చివరికి ఆయనే తగ్గాడు. సరేనమ్మా, సోమవారం పదింటికి ఆఫీసుకి రా, ఫుల్ టైం సంగతి మాట్లాడదాం అన్నాడు. ఫోను పెట్టెయ్యబోతూ, ఏదో మర్చిపోయినవాడిలా, ఫిన్నీని కూడా తీసుకురామ్మా అన్నాడు.

"నేనొక్కదాన్నే వస్తానండీ," అంది కృప.