అత్తగారి వంతు

ఆ ఇంట్లో చలికాలానికి ఒక్క ఆటే. ఈ నియమం పెట్టింది డ్రైవరు భార్య. అంతకు ముందు ఓ ఏడాది రెండు వీడియో గేములు తెచ్చుకుంటే, ఉన్న ఒక్క టీవీ ముందు ముగ్గురూ పోట్లాడుకుని ఏదీ పూర్తి చెయ్యలేదు. అప్పటి నుంచి, బస్సు డిపోలో చలికాలం టైంటేబుల్ మొదలయ్యే ముందు శనివారం ముగ్గురూ కలిసి గేములు అద్దెకిచ్చే షాపుకి వెళతారు. ఒక డిస్కు తెచ్చుకుంటారు. ఐదింటికే చీకటి పడే ఆ నాలుగు నెలలూ అదే ఆడతారు. ఎంపిక వంతులవారీగా. ఎవరి వంతైతే వాళ్ళదే చివరి మాట. మిగతా ఇద్దరూ సణుక్కోవచ్చు గానీ కాదనకూడదు.

ఈసారి వంతు అత్తగారిది.

అత్తగారంటే డ్రైవరు భార్య తల్లి. కోర్టు ఆఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్ళు టైపిస్టుగా చేసి రిటైరయింది. వేళ్ళు బిగుసుకుపోతున్నాయంటే, కదిలిస్తూ ఉండమన్నాడు డాక్టరు. అందుకే ఆ గేము పెట్టె ఇంట్లోకి వచ్చింది. మూడు వారాల్లో ఆవిడ అల్లుణ్ణి మించిపోయింది. మామూలుగా అల్లుడి ఎదట కాళ్ళు చాపుకుని కూడా కూర్చోదు. ఆటలో మాత్రం "చచ్చిపోయారు అల్లుడుగారూ. లేవండి. అయ్యో, మళ్ళీ చచ్చిపోయారు" అంటూ, మర్యాద ఎక్కడా తగ్గకుండా, పూటకి పదిసార్లు అతన్ని చంపేది.

డ్రైవరుకి యాభై నాలుగేళ్ళు. ఇరవై ఆరేళ్ళుగా సిటీ బస్సు నడుపుతున్నాడు. అందులో పదకొండేళ్ళు ఒకటే రూటు, రైల్వే స్టేషను నుంచి పాల ఫ్యాక్టరీ దాకా. సీటు మీద నాలుగు మడతలు పెట్టిన తువ్వాలు, అద్దం పక్కన పిప్పరమెంట్ల డబ్బా. బస్సు ఆపి హ్యాండ్ బ్రేకు వేశాక, వేశానా లేదా అని ఇంకోసారి తడిమి చూసుకునే మనిషి.

వానలు తగ్గినప్పటి నుంచి అతనికి చీకటి పడితే సరిగ్గా కనిపించడం లేదు. పగలు పెద్ద ఇబ్బంది లేదు. దీపాలు వెలిగాక మాత్రం ఎదురొచ్చే ప్రతి బండి లైటూ పువ్వులా విచ్చుకుని పక్కనున్నదాన్నంతా మింగేస్తుంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. రూటంతా కంఠతా వచ్చు గనక దాంతోనే నెట్టుకొస్తున్నాడు. ముందు లారీ దొరికితే దాని వెనక ఎర్ర లైటు పట్టుకుని పోతాడు. పోయిన వారం ఫ్యాక్టరీ ముందరి స్టాపులో నల్లకోటు వేసుకున్న ఒకాయన చెయ్యెత్తి నిలబడితే, చూడకుండా దాటేశాడు.

"ఏం డ్రైవరన్నా, ఆయనకీ నీకూ పాత గొడవలేమైనా ఉన్నాయా?" అని వెనక నుంచి అరిచింది కండక్టరు. బస్సులో అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. ఆ మనిషి స్టాపులో కాకుండా రోడ్డు మీద ఉండుంటే అన్న ఆలోచన ఇంటిదాకా వదల్లేదు.

సోమవారం నుంచి చలికాలం టైంటేబుల్. అతని డ్యూటీలో చివరి మూడు గంటలూ చీకట్లోనే. డిపోలో చెబితే కళ్ళ పరీక్షకి పంపుతారు. రెండేళ్ళ కిందట ఆ పరీక్షలో తప్పిన తోటి డ్రైవరు ఇప్పుడు షెడ్డులో పైపు పట్టుకుని బస్సులు కడుగుతున్నాడు. ఎవరైనా పలకరిస్తే బస్సుకి అటువైపు వెళ్ళిపోతాడు.

గేముల షాపు మొదటి అంతస్తులో, ఇరుకు మెట్లెక్కి వెళ్ళాలి. గోడల నిండా డిస్కులు, మూలన ఆడి చూసుకోవడానికి ఒక టీవీ, రెండు స్టూళ్ళు.

"రండి పెద్దమ్మా. మీ కోసమే తీసి పెట్టాను" అని షాపతను ఒక డిస్కు అందించాడు. గనిలో చిక్కుకుపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ ఒక అక్క దిగుతుంది. ఇద్దరు కలిసి ఆడాలి. ఒకరు లాంతరు పట్టుకోవాలి, ఒకరు నడవాలి.

"ఇదే" అంది అత్తగారు.

"అది వద్దండీ" అన్నాడు డ్రైవరు.

భార్య అతని వైపు తిరిగింది. "వద్దేంటండీ? వంతు అమ్మది కదా!"

"అంటే... గని అంటే ఊపిరాడనట్టు ఉంటుంది. ఇంకేవైనా చూద్దాం."

అత్తగారు రెండోది తీసింది. తుఫాను రాత్రి లైట్‌హౌస్ కథ.

"సముద్రమంటే నాకు కళ్ళు తిరుగుతాయి అత్తయ్యగారూ."

"ఆటలోనా?" అంది భార్య.

మూడోది అడవి, తోడేళ్ళు. డ్రైవరు తల అడ్డంగా ఊపాడు. "ఆ రక్తం, అరుపులు, అవెందుకు?"

"నిరుడు నలభై తోడేళ్ళని చంపింది ఎవరండీ, నేనా?"

అతను వినిపించుకోకుండా కింది వరస నుంచి ఒక డిస్కు లాగాడు. అట్ట మీద పెద్ద సూర్యుడు, కూరగాయల తోట. "ఇదిగో, ఇది బాగుంది."

"సార్, అది ఆరేళ్ళ పిల్లలది" అన్నాడు షాపతను.

"నాలుగు నెలలపాటు క్యారెట్లకి నీళ్ళు పోద్దామంటారా?" అని భార్య ఆ అట్టని తిరగేసి చూసింది.

డ్రైవరు వద్దన్న మూడింటినీ షాపతను ఒకదాని మీద ఒకటి పేర్చాడు. మూడు అట్టలూ నలుపే. "సార్‌కి పగటి ఆటలే కావాలల్లే ఉంది" అన్నాడు, ఏదో మాటవరసకి.

అత్తగారు ఆ నల్ల అట్టల వైపు కాసేపు చూసింది. తర్వాత గని డిస్కు పైకి తీసింది. "ఒక్క పది నిమిషాలు ఇక్కడే ఆడి చూద్దాం అల్లుడుగారూ. నచ్చకపోతే మీ క్యారెట్లే."

ఇద్దరూ స్టూళ్ళ మీద కూర్చున్నారు. ఆవిడ లాంతరు పట్టుకుంది, అతను నడిచాడు. ఇరవై అడుగులకి గుంటలో పడ్డాడు. మళ్ళీ మొదటి నుంచి. మళ్ళీ అదే గుంట. నాలుగోసారి పడేసరికి షాపతను పకపకా నవ్వాడు. చచ్చిపోయారు అల్లుడుగారూ అని మాత్రం అత్తగారు అనలేదు.

"గుంట అంచున గుర్తుకి ఎర్ర గుడ్డ కట్టారు చూడండి. దానికి ఇవతలే ఆగండి" అంది.

"ఆ, చూశాను."

"ఏ పక్కనుంది?"

"ఎడం పక్క."

అక్కడ ఏ గుడ్డా లేదు. భార్య ఏదో అనబోయింది. అత్తగారు ఆమె కాలు తొక్కింది.

"ఇదే తీసుకుంటున్నాం" అని లేచి నిలబడింది. "అమ్మాయ్, నువ్వు సంచీ పట్టుకుని ముందు పద. అల్లుడుగారు నన్ను దింపుతారు."

మెట్ల మీద ఒకటే బల్బు. సగం దిగాక ఆవిడ ఆగింది.

"ఆ బల్బు మీకెలా కనిపిస్తోంది?"

"బల్బులాగే."

"కంటి ఆపరేషను కాకముందు నాకు దాని చుట్టూ వెంట్రుకలు మొలిచినట్టు ఉండేది."

అతను బల్బు వైపు తలెత్తి చూశాడు. తర్వాత, "పువ్వులా" అన్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"వానలు తగ్గినప్పటి నుంచి."

"నేనూ రెండేళ్ళు దాచాను. అక్షరాలెక్కడున్నాయో వేళ్ళకి తెలుసు కదా అని కొట్టుకుంటూ పోయాను. తప్పు పడితే కాగితం తీసి చింపేదాన్ని, ఇంకోటి పెట్టేదాన్ని." ఇంకో మెట్టు దిగింది. "చివరి ట్రిప్పులో ఎంతమంది ఉంటారు?"

"నలభై. ఫ్యాక్టరీ షిఫ్టు వదిలితే అరవై."

ఆవిడ అతని వైపు తిరిగింది.

"చెబితే బస్సులు కడిగిస్తారండీ" అన్నాడు అతను.

"కడగండి. కడిగేవాడు ఎవర్నీ గుద్దడు. సోమవారం మీరు డిపోలో చెప్పకపోతే, మీ చివరి ట్రిప్పు ఎక్కి మీ వెనక సీట్లో కూర్చుంటాను. ప్రతి గుంటా, ప్రతి మనిషీ అరిచి చెబుతాను. మీ కండక్టరు వింటుంటేనే."

అన్నంత పనీ చేస్తుందని అతనికి తెలుసు.

మెట్ల కింద భార్య సంచీ పట్టుకుని నిలబడి ఉంది. "మొత్తం వినిపించింది" అంది. ఇంటికి వెళ్ళి తాళం తీస్తూ, "నాకు చెప్పడానికి ఏం అడ్డొచ్చింది మీకు?" అని అడిగింది.

సోమవారం డిపోలో అలవాటు కొద్దీ కొక్కెం నుంచి బస్సు తాళం తీసి జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాతే డ్యూటీలు వేసే గుమస్తా గదిలోకి వెళ్ళాడు.

"చీకటి పడితే నాకు కనిపించట్లేదు."

గుమస్తా పెన్సిలు పక్కన పెట్టాడు. "ఎప్పటి నుంచి?"

"రెండు నెలలు."

"రెండు నెలలా? నా చెల్లెలు ఆ బస్సులోనే వస్తుందయ్యా రోజూ." చెయ్యి చాపాడు. "తాళం ఇటివ్వు."

డ్రైవరు జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. మధ్యాహ్నానికి షెడ్డులో ఉన్నాడు. పైపు పట్టుకున్న పాత డ్రైవరు ఈసారి బస్సుకి అటువైపు వెళ్ళలేదు. "కాలు సైజెంత?" అని అడిగి, గోడ పక్క నుంచి ఒక రబ్బరు బూట్ల జత తెచ్చి ఇచ్చాడు.

రెండు కళ్ళకీ పొరలు వచ్చాయన్నాడు కళ్ళ డాక్టరు. ముందు కుడి కంటికి ఆపరేషను, రెండు నెలలాగి ఎడమదానికి. పరీక్ష నెగ్గితే బండి ఇవ్వొచ్చు అన్నాడు. నెగ్గుతావని మాత్రం అనలేదు.

సాయంత్రాలు గనిలో గడిచాయి. అత్తగారు లాంతరు పట్టుకునేది, అతను నడిచేవాడు. "ఎడమకి. ఎడమకి అన్నాను. మీ ఎడమకి అల్లుడుగారూ, నా ఎడమకి కాదు." భార్య పక్కన కూర్చుని, తను పనిచేసే షాపు నుంచి తెచ్చిన కర్టెన్లకి అంచులు కుడుతూ, వాళ్ళు దారి తప్పినప్పుడల్లా అమ్మకి మాత్రం చెప్పేది. అతనితో మామూలుగా మాట్లాడటానికి ఆమెకి మూడు వారాలు పట్టింది. మొదటి మాట, "ఆ గబ్బిలాన్ని కొట్టండి ముందు."

కుడి కన్ను ఆపరేషనయ్యి పది రోజులు గడిచాక డాక్టరు టీవీ చూడొచ్చన్నాడు. ఆ సాయంత్రం డ్రైవరు ఆటని మొదటికి తీసుకెళ్ళాడు. ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని ఆ పాత గుంట ముందు ఆగాడు.

"అత్తయ్యగారూ, అవతలి గోడకి నిచ్చెన ఉంది!"

"మొదట్నుంచీ ఉంది."

"ఇన్నాళ్ళూ చెప్పొచ్చు కదండీ?"

"చెబితే 'ఆ, చూశాను' అంటారుగా."

భార్య సూది ఆపి నవ్వింది. అతను ఆ నిచ్చెన ఎక్కి దిగి, మళ్ళీ ఎక్కాడు.

ఎండాకాలం టైంటేబుల్‌కి వారం ముందు పరీక్షకి పిలిచారు. పగటి డ్యూటీకి సరే అన్నారు. చీకటి సంగతి ఎడమ కన్ను కుదుటపడ్డాక, ఆరు నెలలకి మళ్ళీ పరీక్ష చేసి చూస్తామని రాసిచ్చారు. ఆ కాగితం ముగ్గురూ వరసగా చదివారు. అత్తగారు అందులో రెండు టైపు తప్పులు పట్టుకుంది.

గనిలో తమ్ముడు ఇంకా దొరకలేదు. డిస్కు ఇంకో నెల ఉంచుకుంటామని అత్తగారే షాపుకి ఫోను చేసింది.