ముద్రలను నమ్మని ఆంటీ

కింది ఫ్లోర్ ఆంటీ పోయారని మంగళవారం పొద్దున మా ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది. నేను నమ్మలేదు. ఎవరు చెప్పారు, వాళ్ళకెలా తెలిసిందని అడక్కుండా దేన్నీ నమ్మొద్దని నాకు నేర్పింది ఆవిడే. వాళ్ళమ్మాయికి ఫోన్ చేశాను. "నిజమే, నిన్న సాయంత్రం" అంది.

ఫార్మా ల్యాబ్‌లో పనిచేసి రిటైరైన ఆంటీకి పాత రోమన్ రాజ్యపు కంచు నాణేల పిచ్చి. ఆ రాజ్యంలో తూర్పు దిక్కు ఊళ్ళు సొంతంగా వేసుకున్న చిల్లర అది. అరిగిపోయాక వాటి మీద ఎవరో మళ్ళీ చిన్న ముద్ర కొట్టేవారు. ఒక తలో, గద్దో, రెండక్షరాలో. ఇంకా చెల్లుతుందని కొట్టారా, సైన్యం జీతాల కోసమా? అది తేల్చడమే ఆవిడకి ఇష్టమైన పని. ఆదివారాలు టీకి వెళ్ళి చూసేవాణ్ణి. పంచదార డబ్బా మీద పేరున్నా, నాలుక మీద వేసుకుని చూస్తేగాని టీలో కలిపేవారు కాదు. "ఆ పేరు నా ఎదురుగా రాశారా?" అనేవారు.

గద్ద ముద్రున్న నాణెం ఒకటి ఆవిడకి ప్రాణం. దాన్నిబట్టి ఒక సైనిక దళం ఎక్కడ మకాం వేసిందో తేల్చి, నాణేల క్లబ్‌లో మాట్లాడి మెప్పు పొందారు. ఓ ఆదివారం దాన్ని నా చేతికిచ్చారు. తిప్పి చూశాను.

"ఆంటీ, ముద్ర ఇంత లోతుగా కొడితే ఆ దెబ్బకి వెనకవైపు బొమ్మ అణగాలని మీరే అన్నారు కదా. ఇక్కడ అణగలేదే?"

చటుక్కున లాక్కున్నారు. "నిన్నెవరు అడగమన్నారు? క్లబ్‌వాళ్ళా?"

"ఎవరూ లేరాంటీ."

"సరే. టీ తాగి వెళ్ళు."

మూడు వారాలు నాకు తలుపు తీయలేదు. ఆ ముద్ర దొంగదని ఆవిడకి ముందే తెలుసేమో, దాచారేమో అని నాకూ అనుమానం వచ్చింది. దానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

తర్వాత ఆవిడే వచ్చి బెల్ కొట్టారు. "క్లబ్‌కి డ్రైవ్ చేస్తావా?"

అక్కడ లేచి నిలబడి ఇంగ్లీషులో నాలుగే ముక్కలు చెప్పారు. ఆ ముద్ర కొట్టింది కాదు, ఈమధ్య ఎవరో చెక్కింది, తను చెప్పిందంతా తప్పు. నాణెం అమ్మిన పెద్దమనిషి ముందు వరసలోనే ఉన్నాడు. ఆయన పేరెత్తలేదు.

కార్‌లో అడిగాను. "ఆయనే చెక్కాడంటారా?"

"తెలీదు. ఆయన్నీ ఎవరో మోసం చేసుండొచ్చు." మళ్ళీ ఆవిడే అన్నారు, "అందర్నీ అనుమానించానుగాని, నాకు నచ్చిన మాటని అనుమానించలేదురా."

ఆ తర్వాత ఏ కొత్త నాణెం వచ్చినా ముందు నాకిచ్చి, "ఏం కనబడ్డంలేదో చెప్పు" అనేవారు. నన్ను ఎవరూ అంత గౌరవించలేదు.

మొన్న శనివారం వాళ్ళమ్మాయితో కలిసి నాణేలు సర్దాను. ఒక్కోటీ ఒక్కో చిన్న కాగితం కవర్లో ఉంది. దాదాపు అన్నిటి మీదా పెన్సిల్‌తో తెలుగులో "అనుమానం" అని రాసుంది. ఒక్కదాని మీద మాత్రం "నిజమే". పక్కన ప్రశ్నార్థకం పెట్టి, చెరిపి, మళ్ళీ పెట్టి, మళ్ళీ చెరిపారు. అక్కడ కాగితం పలచబడి, లోపలి కంచు లీలగా కనిపిస్తోంది.