వాడిన చంద్రకాంతలు

నెల్లూరు మార్కెట్లో పూలావిడ తడి గోనెపట్టా పైకెత్తగానే మరువం, దవనం, మల్లెలు కలిసి గుప్పున ముక్కుకు తగులుతాయి చూడండి, పొద్దుట్నుంచీ ఉన్న చిరాకంతా ఎటో పోతుంది. పూలు సర్దితే మనసు కుదుటపడుతుందని ఈమధ్య ఊళ్లో క్లాసులు కూడా పెట్టినారు. ఆ సంగతి నాకు తొమ్మిదో ఏటే తెలుసు, అదీ నా మొద్దుతనం పుణ్యమా అని.

అప్పుడు మేము బిట్రగుంట రైల్వే కాలనీలో ఉండేవాళ్లం. ఇంటి చుట్టూ చంద్రకాంత చెట్ల కంచె, దాని అవతల ఇంజన్ల కూతలు, డిసెంబరొస్తే వాన వెలిసిన మట్టివాసనతో కలిసి ప్రతి గడపలోనూ కజ్జికాయలు వేగే నూనెవాసన. ఆ ఏడు మాత్రం మా ఇంట్లో క్రిస్మస్ పండగ ఊసే లేదు. మామ పోయాక మా మేనత్త కమల పుట్టింటికొచ్చి, మూడు నెలలుగా గోడవైపు తిరిగి కూర్చునుంది. పెడితే తినేది, పిలిస్తే పలికేది కాదు. పెళ్లికి ముందు శనివారం సాయంత్రం చర్చిలో బల్ల మీద పూలు పెట్టే పని ఆమెదే, అందర్నీ ఆటపట్టించే మనిషి. "నా బిడ్డ ఇట్నే ఉండిపోతాదేమో" అని నాయనమ్మ కుమిలిపోయేది. నాకూ భయంగానే ఉండేది.

అత్తను సంతోషపెడదామని ఒక శనివారం సాయంత్రం నేనే కంచెంతా దూసి, విరగబూసిన చంద్రకాంతలను ఇత్తడి కూజా నిండా కుక్కి, చర్చిలో పెట్టొచ్చాను. ఎంత మురిసిపోయానో! మర్నాడు నాయనమ్మ అత్తను బతిమాలి ఆరాధనకు తీసుకొచ్చింది. చూద్దును గదా, ఒక్క పువ్వూ విచ్చుకొని లేదు, అన్నీ ముడుచుకుపోయి వేలాడుతున్నాయి. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టబోతుంటే ఆడవాళ్ల వైపు నుంచి ఒక గొంతు లేచింది.

"ఎవురే ఈ పూలు పెట్టింది? సాయంత్రం పూసేటివి తెల్లారిందాకా యాడుంటాయే, మొద్దుదానా!"

మా అత్త! నా ఏడుపు మొహం చూసి ఆమెకు నవ్వాగలేదు. నాయనమ్మ చాప మీద మోకరించి, "నా బిడ్డ తిట్టింది దేవా, నీకు స్తోత్రం!" అని పెద్దగా ఏడ్చేసింది.

ఆ పై శనివారం నుంచి అత్త నన్ను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి బంతులు, కనకాంబరాలు, మరువం కోసేది, ఏ పువ్వు ఎంతసేపు నిలుస్తుందో నేర్పేది. ఒక్కోరోజు మామ గుర్తొచ్చి కన్నీళ్లు కారేవి, చేతులు మాత్రం ఆగేవి కావు.

ఇప్పుడు మా క్వార్టర్లూ లేవు, అత్తా లేదు. మొన్న ఆ చర్చికి వెళ్తే బల్ల మీద ప్లాస్టిక్ గులాబీలున్నాయి. బాగానే ఉన్నాయి, నీళ్లు మార్చనక్కర్లేదు, ఏళ్ల తరబడి వాడవు. ఆరోజు అవే గనక ఉండుంటే, మా అత్త ఎవర్ని తిట్టి ఉండేది?